'హెన్రీ' గురించి అపోహలు, వాస్తవాలు

సీరియల్ కిల్లర్ సినిమా మీద నేను సమీక్ష రాసిన ప్రతిసారీ ఎవరో ఒకరు మెసేజ్ పెట్టి 'హెన్రీ: పోర్ట్రెయిట్ ఆఫ్ ఎ సీరియల్ కిల్లర్' ప్రస్తావన తెస్తారు. జాన్ మెక్‌నాటన్ 1985లో షికాగోలో 16 ఎంఎం ఫిల్మ్ మీద, చాలా తక్కువ డబ్బుతో తీశాడు. చూసినవాళ్ళకంటే విన్నవాళ్ళే ఎక్కువ.

అపోహ: రక్తం ఏరులై పారుతుంది, అందుకే ఎక్స్ రేటింగ్ (పెద్దలకు మాత్రమే అన్న ముద్ర).

వాస్తవం: మొదటి నిమిషాల్లో ఒక్క హత్యా కనబడదు. శవాలు పడి ఉంటాయి, కెమెరా మెల్లగా జరుగుతుంటుంది, ఆ హత్యల తాలూకు అరుపులు మాత్రం వెనక వినబడతాయి. అమెరికా రేటింగ్ బోర్డుకు ఇబ్బంది ఫలానా షాటుతో కాదు, సినిమా మొత్తం ధోరణితో. ఎంత కోసినా ఎక్స్ పోదన్నారు. నాలుగు కట్లు, రెండు మ్యూట్లతో గట్టెక్కడానికి అలవాటుపడ్డ మనకిది వింతే. 1986లో షికాగో ఫెస్టివల్లో చూపించిన సినిమా, 1990లో రేటింగ్ లేకుండానే థియేటర్లకు వచ్చింది.

అపోహ: విమర్శకులంతా ఛీకొట్టారు.

వాస్తవం: చీలిపోయారు. పేరున్న అమెరికన్ విమర్శకుడు రోజర్ ఈబర్ట్ నాలుగుకి మూడున్నర స్టార్లిచ్చాడు. మధ్యలో లేచిపోయినవాళ్ళూ ఉన్నారు.

గొడవంతా ఒక్క సీన్ దగ్గర. హెన్రీ, అతని తోడుదొంగ ఓటిస్ ఒక ఇంట్లో చొరబడి కుటుంబాన్ని చంపుతారు. వీడియో కెమెరాలో తీసిన మసక దృశ్యం. అంతా అయ్యాక గానీ తెలియదు, అది వాళ్ళ టీవీలో ఆడుతోందని, సోఫాలో కూర్చుని వాళ్ళూ మనతోపాటే చూస్తున్నారని. ఓటిస్ మళ్ళీ చూద్దామంటాడు. నాకు కడుపులో తిప్పింది హత్యకు కాదు, ఆ మాటకు. బ్రిటన్ సెన్సార్ అధిపతి జేమ్స్ ఫెర్మన్ 1993లో వీడియో విడుదలకు ఈ సీన్‌ను కుదించి, సోఫా షాటును ముందుకు జరిపాడు. ముడి ముందే విప్పేశాడన్నమాట! కోత లేని వెర్షన్ అక్కడ 2003లో గానీ రాలేదు.

అపోహ: అక్షరం అక్షరం నిజకథ.

వాస్తవం: మూలం హెన్రీ లీ లూకాస్ అనే అమెరికన్ హంతకుడి ఒప్పుకోళ్ళు. వందల హత్యలు చేశానన్నాడు, తర్వాత చాలావాటికి మాట మార్చాడు. 1979లో టెక్సస్‌లో జరిగిన ఒక హత్యకు మరణశిక్ష పడింది. ఆ సమయానికి అతను ఫ్లోరిడాలో పనిలో ఉన్నట్టు రికార్డులు చెప్పడంతో, 1998లో గవర్నర్ జార్జ్ బుష్ దాన్ని యావజ్జీవంగా మార్చాడు. లూకాస్ 2001లో జైల్లోనే పోయాడు. ఇది కల్పిత కథనమని, అతను చాలా ఒప్పుకోళ్ళు వెనక్కి తీసుకున్నాడని సినిమా మొదట్లోనే కార్డు వేశారు. నాకు మెసేజులు పెట్టేవాళ్ళు అది దాటేసినట్టున్నారు.