హార్డ్‌వేర్ షేర్లు: కొనాలా, షార్ట్ చేయాలా? అపోహలు – వాస్తవాలు

తిరుపతిలో షేర్ బ్రోకింగ్ ఆఫీసు నడుపుతున్నాను. చుట్టుపక్కల ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలు వచ్చినప్పటి నుంచి చిప్, సర్వర్, లాప్‌టాప్ కంపెనీల గురించి అడిగేవాళ్లు బాగా పెరిగారు. వాళ్ల నోట తరచుగా వినిపించే కొన్ని మాటలు నాకు నిజంగా టెన్షన్ పెడతాయి.

అపోహ: ఫ్యాక్టరీ మన ఊరి దగ్గరే ఉంది, షిఫ్టు బస్సులు నిండుగా పోతున్నాయి. షేరు కొనేయొచ్చు.

వాస్తవం: బస్సులు నిండాయంటే పని ఉందని అర్థం, లాభం ఎంతో తెలియదు. మన దగ్గర ప్లాంటు ఉన్న డిక్సన్‌నే తీసుకోండి. వేరే బ్రాండ్లకు టీవీలు, ఫోన్లు చేసిపెట్టే వ్యాపారం కదా, 100 రూపాయల అమ్మకం మీద నిర్వహణ లాభం 4 రూపాయల చుట్టూనే ఉంటుంది. ఒక పెద్ద కస్టమర్ ఆర్డరు తగ్గించినా ఆ లెక్క మారిపోతుంది.

అపోహ: పీఈ (షేరు ధర, ఒక్కో షేరు మీద వచ్చే లాభానికి ఎన్ని రెట్లో చెప్పే అంకె) తక్కువగా ఉంటే షేరు చవగ్గా ఉన్నట్టే.

వాస్తవం: మెమరీ చిప్ కంపెనీల్లో చాలాసార్లు దీనికి తలకిందులుగా జరుగుతుంది. కారణం చిత్తూరు మామిడి రైతుకు వెంటనే అర్థమవుతుంది. 2025లో తోతాపురి ధర పడిపోయి, ప్రభుత్వం కిలోకు 4 రూపాయలు తన వంతుగా ఇవ్వాల్సి వచ్చింది. గుజ్జు ఫ్యాక్టరీల్లో అంతకుముందు ఏడాది సరుకే అమ్ముడుపోకుండా మిగలడం అందుకు ఒక పెద్ద కారణం. చెట్టు మీద కాయ ఎంత బాగున్నా, గోడౌన్‌లో డ్రమ్ములు కదలకపోతే కొనేవాడు ధర పెట్టడు.

చిప్పులదీ అదే కథ. కోవిడ్ రోజుల్లో అందరూ లాప్‌టాప్‌లు కొన్నారు. 2022లో గిరాకీ తగ్గి, సరుకు పేరుకుపోయింది. అమెరికా మెమరీ చిప్ కంపెనీ మైక్రాన్ 2023 ఆర్థిక సంవత్సరంలో 580 కోట్ల డాలర్లకు పైగా నష్టపోయింది. అదే కంపెనీ 2025లో 3,700 కోట్ల డాలర్లు దాటి రికార్డు అమ్మకాలు చేసింది. నష్టాల్లో ఉన్నప్పుడు పీఈ లెక్కే రాదు, కానీ ధైర్యం చేసి కొన్నవాళ్లకు కలిసొచ్చింది అప్పుడే. లాభాలు పతాక స్థాయికి చేరినప్పుడు పీఈ తక్కువగా కనబడుతుంది, చాలామంది అక్కడే ఇరుక్కుంటారు. అందుకే ఫలితాలు రాగానే నేను ముందు ఇన్వెంటరీ, అంటే అమ్ముడుపోని సరుకు నిల్వ చూస్తాను. అమ్మకాలకన్నా సరుకు నిల్వ వేగంగా పెరుగుతుంటే, పీఈ ఎంత తక్కువున్నా కొనమని చెప్పను.

అపోహ: పడుతుందని నమ్మకం ఉంటే షార్ట్ చేస్తే సరిపోతుంది.

వాస్తవం: షార్ట్ అంటే చేతిలో లేని షేరును ముందే అమ్మి, ధర పడ్డాక కొని లెక్క సరిచేయడం. ధర పెరిగితే నష్టం. సర్వర్లు చేసే అమెరికా కంపెనీ సూపర్ మైక్రో సంగతి చూడండి. 2024 ఆగస్టులో ఆ కంపెనీ ఖాతాల మీద హిండెన్‌బర్గ్ అనే షార్ట్ సెల్లింగ్ సంస్థ ఆరోపణలు చేసింది. అక్టోబరులో ఆడిటర్ తప్పుకోగానే ఒక్కరోజులో షేరు మూడో వంతు పడింది. (మోసానికి ఆధారాలు లేవని ప్రత్యేక కమిటీ తర్వాత చెప్పింది.) అయితే అదే షేరు ఆ ఏడాది జనవరి నుంచి మార్చికి దాదాపు నాలుగు రెట్లయింది. జనవరిలోనే షార్ట్ చేసినవాడి అంచనా చివరికి నిజమైనా, అప్పటికి అతని డబ్బు మిగిలేది కాదు. కొన్న షేరు సున్నా అయితే పెట్టింది పోతుంది. షార్ట్‌లో నష్టానికి హద్దు లేదు.

మన మార్కెట్లో మామూలు ఇన్వెస్టర్ క్యాష్‌లో (నేరుగా షేర్లు కొని అమ్మే విభాగంలో) షార్ట్ చేస్తే ఆ రోజే కొనేసి ముగించాలి. లేకపోతే ఆక్షన్‌కు పోతుంది, అంటే ఆ షేర్లను వేలంలో కొంటారు, ఖర్చు అతని మీదే పడుతుంది. రోజులకొద్దీ ఉంచాలంటే దాదాపు అందరూ ఫ్యూచర్స్‌కే (ముందు తేదీకి ఇప్పుడే ధర కుదుర్చుకునే ఒప్పందాలకే) వెళ్తారు. అక్కడ ప్రతి సాయంత్రం నష్టం లెక్కగట్టి డబ్బు తీసేస్తారు. 2021–22 నుంచి 2023–24 వరకు ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్) చేసిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని మార్కెట్‌ను నియంత్రించే సెబీయే చెప్పింది.

ఒక రిటైర్డ్ మాస్టారు నా దగ్గరికొచ్చి, "ఇంత పెరిగింది, ఇంకేం పెరుగుద్ది సార్, పడేదే కదా" అన్నారు. ఇంకో యాభై శాతం పెరిగితే మార్జిన్ (పూచీగా కట్టాల్సిన డబ్బు) ఎక్కణ్ణుంచి తెస్తారని అడిగాను. "పాప పెళ్లికి దాచింది ఉంది" అన్నారు. ఆ ఆర్డరు నేను పెట్టలేదు.

అపోహ: అమెరికా షేర్లయినా ఇక్కణ్ణుంచి షార్ట్ చేసుకోవచ్చు.

వాస్తవం: ఎల్‌ఆర్‌ఎస్ (విదేశాలకు డబ్బు పంపుకోవడానికి ఆర్‌బీఐ పెట్టిన పథకం) కింద ఏడాదికి 2.5 లక్షల డాలర్ల వరకు పంపి షేర్లు కొనుక్కోవచ్చు. షార్ట్ చేయాలంటే మార్జిన్ కట్టాలి, విదేశీ ఎక్స్ఛేంజీల్లో మార్జిన్ కట్టడానికి మాత్రం ఆ డబ్బు పంపకూడదు. ఎవరైనా యాప్ చూపించి "ఏం కాదు, చేయొచ్చు" అంటే, డబ్బు పంపేముందు మీ బ్యాంకులో అడగండి.