ముద్దొచ్చే జీవి వేరు, ముద్దు చేయించుకునే జీవి వేరు: ఫ్లాట్‌లో పెంపకంపై అపోహలు - వాస్తవాలు

ఫ్లాట్‌లోకి పెట్‌ను తెచ్చుకోవాలనుకునేవాళ్లు ముందు ఫోటో చూస్తారు, తర్వాత ధర అడుగుతారు. అసలు అడగాల్సినవి మూడు. రోజుకు ఎన్ని గంటలు ఇల్లు ఖాళీగా ఉంటుంది? ఏప్రిల్, మే మధ్యాహ్నాలు ఆ జీవి ఎక్కడ గడుపుతుంది? ఎత్తుకుంటే దానికి నచ్చుతుందా? ఈ మూడోది దాదాపు ఎవరూ అడగరు. బొచ్చు మెత్తగా ఉన్న ప్రతిదీ ఒళ్లో కూర్చోదు.

అపోహ: ఫ్లాట్ చిన్నది, కాబట్టి చిన్న కుక్క అయితే సరిపోతుంది.

ఫ్లాట్‌లో కుక్క సైజు కంటే దాని అరుపు ముఖ్యం. మన దగ్గర పామెరేనియన్ అని పిలిచేవాటిలో చాలావరకు ఇండియన్ స్పిట్జ్‌లే. చూడ్డానికి దూదిబొమ్మ, బుద్ధి మాత్రం కాపలాదారుది. లిఫ్ట్ తలుపు తెరుచుకున్నా, ఎదురు ఫ్లాట్‌కు డెలివరీ అబ్బాయి వచ్చినా తన డ్యూటీ తను చేస్తుంది. బీగిల్ కూడా చిన్నదే. అయితే అది గుంపుగా కుందేళ్లను వేటాడటానికి పెంచిన జాతి. ఒంటరిగా వదిలి ఆఫీసుకు వెళ్తే అది తీసే రాగం రెండు అంతస్తులు దాటుతుంది. మరోవైపు బాగా పెద్దదైన గ్రేట్ డేన్ ఇంట్లో రోజంతా పడుకునే రకం. దాంతో ఇబ్బందల్లా లిఫ్ట్‌లో పక్కింటివాళ్ల భయం, తిండి ఖర్చు.

ఇక కుక్కపిల్ల మూత్రం లెక్క. నెలల వయసుకు ఒకటి కలిపితే ఎన్ని గంటలు ఆపుకోగలదో సుమారుగా తెలుస్తుంది. మూడు నెలల పిల్ల అంటే మహా అయితే నాలుగు గంటలు. ఇద్దరూ హైటెక్ సిటీకి పోయి పదిగంటల తర్వాత వచ్చే ఇంట్లో ఈ లెక్క కుదరదు. అలాంటి ఇంటికి మేం చెప్పేది ఒకటే: ఏడాదో రెండేళ్లో నిండిన, ఇళ్లలో మెలగడం అలవాటైన దేశీ కుక్కను తెచ్చుకోండి. పొట్టి వెంట్రుకలు కాబట్టి మన ఎండకు తట్టుకుంటుంది. దాని స్వభావం అప్పటికే బయటపడి ఉంటుంది. వీధిలో పెరిగినదైతే లిఫ్టుకూ మెట్లకూ అలవాటు పడటానికి కొన్ని వారాలు ఓపిక పట్టాలి.

పిల్లనే కావాలంటే ఎనిమిది వారాలు నిండనిది తీసుకోవద్దు. 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల ప్రకారం అంతకన్నా చిన్నవాటిని అమ్మకూడదు కూడా. ఎంత గట్టిగా కొరకవచ్చో పిల్ల నేర్చుకునేది తల్లి దగ్గరే, తోబుట్టువులతో ఆడుతూనే. ఐదో వారంలోనే వచ్చేసిన పిల్ల మీ చేతుల మీద ఆ పాఠం నేర్చుకుంటుంది.

అపోహ: ఏసీ ఉంటే హస్కీ అయినా, పగ్ అయినా పర్వాలేదు.

కరెంటు పోయిన గంట సంగతి, కిందికి దిగి నడిచే అరగంట సంగతి ఏంటి? కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి రొప్పడమే దాని కూలర్. పగ్, షిట్జూ, ఫ్రెంచ్ బుల్‌డాగ్‌లకు ముక్కు చప్పిడి, గాలి దారి ఇరుకు. రొప్పినా వేడి పూర్తిగా దిగదు, పైగా రొప్పే శ్రమకే ఇంకాస్త వేడి పుడుతుంది. కుక్క మామూలు ఒంటి వేడి 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్. 41 చేరితే ప్రాణాపాయం. నాలుక వెడల్పై, చిగుళ్లు ఇటుక రంగుకు తిరిగి, నడక తూలుతుంటే మామూలు నీళ్లతో ఒళ్లంతా తడిపి, ఫ్యాన్ పెట్టి, అలాగే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. ముందు చల్లబరచాలి, ఆ తర్వాతే కారెక్కించాలి.

హస్కీకి గుండు చేయిస్తే చల్లగా ఉంటుందనేది ఇంకో పొరపాటు. దాని రెండు పొరల బొచ్చు ఎండను కూడా ఆపుతుంది. గుండు చేస్తే చర్మం కాలుతుంది, బొచ్చు తిరిగి సరిగా రాకపోవచ్చు. ఏ జాతి అయినా వేసవిలో నడక ఉదయం ఏడులోపు, మళ్లీ పొద్దు కుంగి రోడ్డు చల్లారాకే. అరచేతి వెనుక భాగం రోడ్డు మీద ఐదు సెకన్లు ఆన్చలేకపోతే దాని పాదాలూ ఆనలేవు.

అపోహ: కుందేలంటేనే ముద్దు, పిల్లలకు అదే బెస్ట్.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే. కుందేలు వేటకు గురయ్యే జంతువు. నేల మీద నుంచి లేపడమంటే దాని మెదడుకు గద్ద తన్నుకుపోవడమే. వెల్లకిలా పడుకోబెడితే కదలకుండా ఉంటుంది, పిల్లలు సుఖపడుతోందని మురిసిపోతారు. అది సుఖం కాదు, భయంతో బిగుసుకుపోవడం. చేతుల్లోంచి తప్పించుకోవడానికి వెనక కాళ్లతో తన్నిన తన్నుకు దాని వెన్నెముకే విరగవచ్చు. ఎత్తక తప్పనప్పుడు ఒక చెయ్యి ఛాతీ కింద, ఇంకో చెయ్యి పిరుదుల కింద పెట్టి, మీ ఒంటికి ఆనించుకుని ఎత్తండి. చెవులు పట్టి ఎత్తకూడదు. నేల మీద మీరే కూర్చుంటే తనంతట తనే వచ్చి గడ్డం మోకాలికి రాస్తుంది. దాని ముద్దు అంతవరకే.

తిండిలో 80 శాతం ఎండుగడ్డే ఉండాలి. పళ్లు బతికినంతకాలం పెరుగుతూనే ఉంటాయి, వాటిని అరగదీసేది గడ్డే. క్యారెట్ తీపి తిండి, వారానికి రెండు ముక్కలు చాలు. వినాయకుడికి పెట్టే గరిక దానికి మంచిదే, రోడ్డు పక్కది కాకపోతే చాలు. పది పన్నెండు గంటలు తినకపోయినా, పెంటికలు పడకపోయినా రేపటిదాకా ఆగొద్దు, పేగు కదలడం ఆగిపోయిందని అర్థం. గది వేడి 30 డిగ్రీలు దాటితే తల్లడిల్లుతుంది. హైదరాబాద్ పాతబస్తీలోని ముర్గీ చౌక్ మార్కెట్‌లో ముచ్చటపడి జత కొనేముందు ఆడదో మగదో తేల్చుకోండి: నాలుగైదు నెలలకే ఈడు, నెల రోజులకే ఈత, ఈనిన రోజే మళ్లీ కడుపు.

బడి పిల్లలున్న ఇంటికి గినీపిగ్‌ల జత నయం. పగలు కూడా మెలకువగా ఉంటాయి, ఫ్రిజ్ తలుపు చప్పుడుకు కీచుమంటాయి, ఒళ్లో తువ్వాలు పరిస్తే కూర్చుంటాయి. వాటికి విటమిన్ సి ఒంట్లో తయారుకాదు, కాబట్టి రోజూ క్యాప్సికమ్ ముక్కో జామముక్కో పడాలి. రెండింటికీ కనీసం ఎనిమిది చదరపు అడుగుల చోటు కావాలి. హామ్‌స్టర్ రాత్రి జీవి. పగలు నిద్రలేపితే కరుస్తుంది.

అపోహ: పిల్లికి పాలు, పెరుగన్నం చాలు. బాల్కనీకి పావురాల వల ఉందిగా!

ఎదిగిన పిల్లులు చాలావాటికి పాలు అరగవు, విరేచనాలు పడతాయి. టారిన్ అనే పదార్థం మాంసంలోనే దొరుకుతుంది. అది లేకపోతే పిల్లికి కళ్లు, గుండె దెబ్బతింటాయి. శాకాహార వంటిల్లు కాబట్టి పిల్లి కూడా శాకాహారే అనుకునే ఇంటికి కుందేలో గినీపిగ్‌లో తగినవి.

పావురాల కోసం కట్టిన నైలాన్ వల ఎండకు పెళుసవుతుంది, మూలల్లో కొక్కేల దగ్గర సాగుతుంది, పిల్లి గోళ్లకు తెగుతుంది. ఈమధ్య వేయిస్తున్న ఇన్విజిబుల్ గ్రిల్స్‌లో తీగల మధ్య రెండు మూడంగుళాల సందు ఉంటుంది, కూనకు తల పట్టిందంటే ఒళ్లూ పడుతుంది. అంగుళం కన్నులున్న స్టీలు జాలీ కింది నుంచి పైదాకా వేయించండి. స్లైడింగ్ కిటికీ దోమల మెష్‌ను నమ్మొద్దు, వీపుతో ఆనితే ఊడివస్తుంది. పిల్లి నాలుగు కాళ్ల మీదే పడుతుంది, నిజమే. ఆ వెంటనే ఛాతీ, దవడ నేలకు కొట్టుకుంటాయి.

పర్షియన్‌కు రోజూ దువ్వెన, రోజూ కళ్లు తుడవడం తప్పదు. చంకల్లో, తొడల సందుల్లో కట్టిన బొచ్చు ఉండలను కత్తెరతో కోస్తే చర్మం తెగుతుంది. మన నాటు పిల్లికి ఈ బాధ ఏదీ లేదు. మగపిల్లి మాటిమాటికీ లిట్టర్ ట్రేలోకి వెళ్లి ముక్కుతూ చుక్క మూత్రం కూడా రాకపోతే అది మలబద్ధకం కాదు, దారి మూసుకుపోయింది. ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లాలి.

అపోహ: గర్భిణి ఉన్న ఇంట్లో పిల్లిని వదిలించుకోవాలి.

ఈ భయమంతా కడుపులో బిడ్డకు హాని చేయగల టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి గురించి. దాని గుడ్లు పిల్లి మలంలో పడ్డాక అంటుకునే స్థితికి రావడానికి ఒకటి నుంచి ఐదు రోజులు పడుతుంది. ట్రేను రోజూ, ఇంట్లో వేరేవాళ్లు శుభ్రం చేస్తే ఆ దారి దాదాపు మూసుకుపోతుంది. సరిగా ఉడకని మాంసం, కడగని ఆకుకూరల గురించి అంతకంటే ఎక్కువ జాగ్రత్త కావాలి.

అపోహ: బొచ్చు రాలని జాతికి అలర్జీ రాదు.

అలర్జీ వచ్చేది వెంట్రుకకు కాదు. ఉమ్ములో, చర్మం నూనెలో ఉండే ప్రోటీన్‌కు. పూడుల్‌కూ అది ఉంటుంది. తెచ్చుకోబోయే జంతువు ఉన్న గదిలోనే వేర్వేరు రోజుల్లో గంట చొప్పున కూర్చుని చూడండి.

అపోహ: అసోసియేషన్ తీర్మానం చేస్తే పెట్స్ ఉండకూడదు.

భారత జంతు సంక్షేమ మండలి 2015 మార్గదర్శకాల ప్రకారం మెజారిటీ ఓటుతోనైనా పెంపుడు కుక్కలను నిషేధించే అధికారం అసోసియేషన్‌కు లేదు, లిఫ్ట్ ఎక్కొద్దనీ అనలేదు. అద్దె ఇల్లైతే ఓనర్‌తో మాట అగ్రిమెంట్‌లో రాయించుకోండి. మీ వంతుగా రేబిస్ టీకా సర్టిఫికెట్‌తో మీ నగరపాలక సంస్థలో కుక్కను నమోదు చేయించాలి, బెల్టు లేకుండా కారిడార్‌లోకి వదలకూడదు, అది చేసినది మీరే ఎత్తాలి. రామచిలుక, నక్షత్ర తాబేలు మాత్రం ఏ ఫ్లాట్‌లోనూ కుదరవు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వాటిని పెంచుకోవడం నేరం.

షెల్టర్‌కు వెళ్తే ఏది బాగుందో చూడకుండా ఓ పావుగంట నేల మీద పక్కకు తిరిగి కూర్చోండి. పిల్లికి వేలు చూపించి ఆపండి. అది ముక్కు ఆనించి బుగ్గ రాస్తే, చెంప కింద మూడు సెకన్లు నిమిరి చెయ్యి తీసేయండి. మళ్లీ తల తోసిందంటే ఒళ్లోకి వచ్చే పిల్లి అదే. తోక కొడుతూ చెవులు వెనక్కి తిప్పిందంటే ఇంకోదాన్ని చూసుకోండి. కుక్కకూ ఇదే పద్ధతి: నిమిరి ఆపినప్పుడు ఆనుకుంటుందా, ఒళ్లు దులుపుకుని పక్కకు పోతుందా చూడండి. ఒకరోజు ఉదయం, ఇంకోరోజు సాయంత్రం, ఇంట్లో పిల్లలుంటే వాళ్లతో కలిసి ఒకసారి చూశాకే అడాప్షన్ ఫారం అడగండి.