గడ్డి కమ్మిన బాట గురించి

చిరంజీవులకు ఆశీస్సులు.

పియానో పాఠాలలో కొంత ముందుకు సాగారు కనుక, మీకు లెయోష్ యానాచెక్ అనే చెక్ స్వరకర్త రచించిన ‘గడ్డి కమ్మిన బాటలో’ అనే పియానో రచనల సంపుటిని పరిచయం చేయాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆయన 1854లో చెక్ ప్రాంతమైన మొరావియాలోని హుక్వల్డీ అనే పల్లెలో ఒక బడిపంతులు ఇంట పుట్టారు. పదకొండో ఏట ఆయనను బ్రనో నగరంలోని మఠానికి, అక్కడి గాయక బృందంలో పాడుతూ చదువుకొమ్మని పంపించారు. (మీ సైన్సు పాఠంలో బఠానీ మొక్కలతో కనిపించే మెండెల్ ఆ మఠంలోనే ఉండేవారు.) మరుసటి ఏడు, 1866లో, తండ్రి కన్నుమూశారు. ఇక చిన్ననాటి ఇల్లు జ్ఞాపకాలలో తప్ప మిగలలేదు. సంపుటి పేరు కూడా అక్కడి పెళ్లిపాటలోనిదే: పుట్టింటికి వెళ్లే దారిని గడ్డి కమ్మేసిందని పెళ్లికూతురు అందులో వాపోతుంది. మన అప్పగింతల పాటలు విన్నవారికి ఆ దుఃఖం కొత్తది కాదు.

1900 ప్రాంతంలో ఆయన ఈ రచనలు మొదలుపెట్టింది పియానో కోసం కాదు, హార్మోనియం కోసం. అది మన పద్యనాటకాలలో వాయించిన కాళ్ల హార్మోనియం జాతికి చెందిన వాద్యం. దాని మీద స్వరం నొక్కినంతసేపూ నిలిచి పలుకుతుంది, పియానో మీదనైతే నొక్కిన క్షణం నుంచే సన్నగిల్లుతుంది. అందుకే ఈ రచనలు చూడడానికి సులువుగా ఉన్నా వాయించడానికి కష్టం. ఒక స్వరం ఆరిపోకముందే తరువాతి స్వరాన్ని దానికి అతికినట్టు పలికించాలి.

1911లో అచ్చయిన మొదటి భాగంలో పది రచనలున్నాయి. ‘మా సాయంత్రాలు’, ఊరి వారు యాత్రకు వెళ్లే ‘ఫ్రీడెక్ మేరీమాత’, ఆడపిల్లల కబుర్లను తలపించే ‘వానకోయిలల్లా కిచకిచలాడారు’ వంటివి పల్లెను కళ్లముందు నిలుపుతాయి. అయితే ఈ లోగా 1903లో ఆయన కూతురు ఓల్గా టైఫాయిడ్‌తో ఇరవయ్యో ఏట మరణించింది. మనుషుల మాటల్లోని స్వరాలను పుస్తకంలో రాసుకునే అలవాటున్న ఆయన, చివరి ఘడియలలో ఆమె నిట్టూర్పును సైతం స్వరాలలో రాసుకున్నారు. మీకిది కర్కశంగా తోచవచ్చు. నాకు మాత్రం, చేతనైన ఒకే ఒక పద్ధతిలో ఆ తండ్రి బిడ్డను పట్టుకుని ఉండాలనుకున్నట్టు అనిపిస్తుంది. ‘కన్నీళ్లలో’ వంటి రచనలు ఆ తరువాత వచ్చి చేరాయి.

పదోదాని పేరు ‘గుడ్లగూబ ఎగిరిపోలేదు’. రోగి ఉన్న ఇంటి దగ్గర గుడ్లగూబ కూస్తే చావు తప్పదని, మన పల్లెలలో లాగే, అక్కడా నమ్మేవారు. ఇందులో ప్రార్థనాగీతం లాంటి నిండైన స్వరసమూహం ధైర్యం చెప్పబోతుంది, పక్షి కూత మళ్లీ మళ్లీ అడ్డు వస్తుంది, చివరి మాటా పక్షిదే. ఇది ఓల్గా మరణం మీద కట్టినదని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆమె జబ్బుపడక ముందే, 1901లో, ఇది హార్మోనియం రచనగా అచ్చయింది. పేరు తరువాత పెట్టారు. ఎప్పుడో ఊరిని తలుచుకుని రాసిన స్వరాలలోనే ఆ తండ్రికి కూతురి మరణం వినిపించిందన్నమాట. నాకు ఈ సంపుటి అంతటిలోనూ ఇదే అన్నిటికన్నా గొప్ప విషయంగా కనిపిస్తుంది.

మీరు ‘మా సాయంత్రాలు’తో మొదలుపెట్టండి. మొదటి వారం స్వరాన్ని నిలిపి ఉంచే పెడల్ తొక్కకుండా, వేళ్లతోనే స్వరాలను కలుపుతూ సాధన చేయండి. పదోదానికి ఇప్పుడే తొందర లేదు.

ఇట్లు,
మీ తాతయ్య