‘క’ శబ్దానికి సి రాయాలా, కె రాయాలా? కొన్ని అపోహలు, వాస్తవాలు

పిల్లలకు ఇంగ్లీషు చదవడం, రాయడం నేర్పించడం నా పని. తల్లిదండ్రులు నోట్‌బుక్ పట్టుకొచ్చి చూపించే తప్పుల్లో ‘క’ శబ్దం దగ్గర పడ్డవి చాలా ఉంటాయి. వినడానికి శబ్దం ఒక్కటే. రాతకు వచ్చేసరికి క్యాట్‌కి సి, కైట్‌కి కె, డక్‌కి సికె, స్కూల్‌కి సిహెచ్, యునీక్‌కి చివర క్యూ-యు-ఇ. దీంతో పిల్లలకు టెన్షన్, పెద్దలకు విసుగు. ఈ శబ్దం గురించి ఇళ్లలోనూ బళ్లలోనూ తరచూ వినిపించే మాటల్లో ఏది ఎంతవరకు నిజమో ఇక్కడ రాస్తున్నాను. స్పెల్లింగులను అక్షరాల పేర్లతో ఇచ్చాను, పక్కన కాగితం పెట్టుకుని రాసుకుంటూ చదివితే ఇంకా బాగా పట్టుబడుతుంది.

అపోహ: ఇంగ్లీషు స్పెల్లింగ్‌కి ఒక పద్ధతంటూ లేదు, బట్టీ పట్టాల్సిందే.

వాస్తవం: పద్ధతి ఉంది, మన బళ్లలో దాన్ని చెప్పేవాళ్లు తక్కువ. 1966లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన పాల్ హన్నా బృందం 17,000కు పైగా ఇంగ్లీషు మాటలను కంప్యూటర్‌కి ఇచ్చి ఒక పరీక్ష పెట్టింది. శబ్దానికీ అక్షరానికీ మధ్య ఉన్న నియమాలు తప్ప ఇంకేమీ ఇవ్వకపోయినా కంప్యూటర్ దాదాపు సగం మాటలను తప్పు లేకుండా రాసింది. ఇంకో మూడో వంతుకు పైగా మాటల్లో పడింది ఒక్క తప్పే. ఆ మాట ఏ భాష నుంచి వచ్చిందో, దేనికి ఏ ప్రత్యయం చేరిందో ఆ కంప్యూటర్‌కి తెలియదు. మనిషికి అవి కూడా నేర్పించవచ్చు కదా. అలాంటప్పుడు ఎనిమిదేళ్ల పిల్లతో స్పెల్లింగులన్నీ బట్టీ పట్టించడం అన్యాయం అని నా అభిప్రాయం.

అపోహ: ‘క’ అని వినిపిస్తే కె రాయాలి. సి అనేది ఒక మినహాయింపు.

వాస్తవం: ఇది తలకిందులు. ఇంగ్లీషులో ‘క’ శబ్దానికి అన్నిటికంటే ఎక్కువగా వాడే అక్షరం సి. మన పిల్లలు ముందు కె వైపు ఎందుకు వెళ్తారంటే, ఇంట్లో ఫోన్లలో తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేసేటప్పుడు కాదు, కదా, ఎక్కడ అన్నీ కెతోనే కొడతాం. ఆ అలవాటు మనకు సౌకర్యమే, దానివల్ల పోయేదేమీ లేదు. ఇంగ్లీషు మాటలకు లెక్క వేరు అని పిల్లలకు ఒకసారి విడమరిచి చెబితే చాలు.

ఆ లెక్క ఇదీ. సి తర్వాత ఇ, ఐ, వై అక్షరాల్లో ఏదైనా వస్తే ఆ సి ‘స’గా మారిపోతుంది: సిటీ, సెంటర్, సైకిల్ మొదటి అక్షరాలు చూడండి. కాబట్టి ఆ మూడింటి ముందు ‘క’ శబ్దం కావాలంటే కె తప్పదు: కింగ్, కీ, కిచెన్, స్కై. ఎ, ఓ, యు ముందు, ఎల్, ఆర్ లాంటి హల్లుల ముందు సి: క్యాట్, కాఫీ, కప్, క్లాస్, క్రీమ్.

ఇక్కడ తెలుగు పిల్లలు ఒకచోట బోల్తా పడతారు. క గుణింతం నోట్లో ఆడే పిల్లలు ‘కే’ అని వినగానే ఇ అక్షరం వస్తుందనుకుని కె రాసేస్తారు. చూడాల్సింది వినిపించే అచ్చును కాదు, రాసే అక్షరాన్ని. కేక్ మాట తీసుకోండి: సి-ఎ-కె-ఇ. ‘కే’ అని పలికినా రాసేది ఎ కాబట్టి మొదట సి. చివర్లో వచ్చేది ఇ కాబట్టి దాని ముందు కె. నేను ఈ నియమాన్ని మొదలుపెట్టేది ఈ మాటతోనే, రెండు పక్కలూ ఇందులోనే కనిపిస్తాయి.

అపోహ: సి, కె రెండూ ఎందుకు పెట్టారో ఎవరికీ తెలియదు.

వాస్తవం: దీని వెనక చరిత్ర స్పష్టంగా ఉంది. పాత ఇంగ్లీషులో కె చాలా అరుదు, ‘క’ శబ్దానికి దాదాపు ఎప్పుడూ సియే. కింగ్ అనే మాటను సి-వై-ఎన్-ఐ-ఎన్-జి అని రాసేవారు, క్వీన్‌ని సి-డబ్ల్యూ-ఇ-ఎన్ అని. 1066లో ఫ్రాన్స్ నుంచి నార్మన్లు వచ్చి ఇంగ్లండ్‌ను జయించాక రాతకోతలు ఫ్రెంచి పద్ధతి తెలిసిన లేఖకుల చేతుల్లోకి వెళ్లాయి. ఇ, ఐ ముందు సి ఉంటే వాళ్లకు అది ‘క’ కాదు. అందుకే కింగ్, కీప్, కిస్ లాంటి మాటల్లో సి పోయి కె వచ్చింది, సి-డబ్ల్యూ స్థానంలో క్యూ-యు వచ్చింది. ఈ రోజు మన పిల్లలు నేర్చుకునే నియమం అప్పుడు కుదురుకున్నదే.

ఈ నియమం తెలుగు నేల మీద కూడా తన గుర్తు వదిలింది. ఇంగ్లీషువాళ్లు మన ఊళ్ల పేర్లు రాసేటప్పుడు ఈ లెక్కే వాడారు. కాకినాడను సి-ఓ-సి-ఎ-ఎన్-ఎ-డి-ఎ అన్నారు. రైలు టికెట్ మీద కాకినాడ టౌన్ స్టేషన్ కోడ్ ఈనాటికీ సిసిటి. కడప స్పెల్లింగ్ 2005లో కెకి మారేదాకా సి-యుతోనే మొదలయ్యేది. సికింద్రాబాద్ మధ్యలో ఇప్పటికీ యు ముందు సియే ఉంది. పాత కాగితాల్లో కృష్ణా జిల్లాను కిస్ట్‌నా అని రాశారు, అక్కడ ఐ ముందు కె. ఇక పక్కనున్న ఒడిశాలోని కటక్ చూడండి, మొదట్లో యు ముందు సి, చివర్లో సికె. కర్నూలు లాంటివి ఈ లెక్కలోకి రావు, అక్కడ యు ముందు కె పడింది. ఊళ్ల పేర్లు ఎవరి చెవికి ఎలా వినిపిస్తే అలా ఎక్కినవి కాబట్టి నూటికి నూరూ కుదరాలని ఆశించకూడదు. అయినా మ్యాప్ ముందేసుకుని ఈ పేర్లు వెతికించండి, పిల్లలు వదిలిపెట్టరు.

అపోహ: సికె అంటే కెని ఒత్తి పలకడం.

వాస్తవం: ఒత్తు గిత్తు ఏమీ లేదు. బ్యాక్ చివరి శబ్దం, బేక్ చివరి శబ్దం ఒక్కటే. సికె చెప్పేది తనకు ముందున్న అచ్చు గురించి: అక్కడ ఒకే అచ్చు అక్షరం ఉంది, దాన్ని పొట్టిగా పలకాలి. బ్యాక్, నెక్, సిక్, లాక్, డక్. అచ్చు సాగితే సికె రాదు: బేక్, లైక్, వీక్, స్పీక్. ముందు హల్లు ఉన్నా రాదు: మిల్క్, బ్యాంక్, డెస్క్, పార్క్. హ్రస్వం, దీర్ఘం తేడా మన పిల్లలకు ఒకటో తరగతి నుంచే చెవిలో ఉంటుంది, ఈ ఒక్క విషయంలో తెలుగు చదివిన పిల్లలు ఒక మెట్టు పైనే ఉన్నారు.

దీన్ని ఇంట్లో తిరిగే మాటలతోనే చూడొచ్చు. టికెట్, బకెట్, పాకెట్, జాకెట్, రాకెట్, అన్నిటి మధ్యలోనూ సికె. మార్కెట్, బాస్కెట్ మాటల్లో మాత్రం కె ఒక్కటే, ఎందుకంటే వాటిలో కెకి ముందు ఆర్, ఎస్ అనే హల్లులు అడ్డం ఉన్నాయి. క్రికెట్ మాటైతే చిన్న పాఠమే: సి-ఆర్-ఐ-సి-కె-ఇ-టి. ఆర్ ముందు కాబట్టి మొదట సి. మధ్యలో ఉత్త సి పెడితే పక్కన ఇ ఉంది, అది ‘క్రిసెట్’ అయి కూర్చుంటుంది. ఉత్త కె పెడితే ముందున్న ఐ పొట్టి అని తెలియదు. అందుకే రెండూ కలిసి వచ్చాయి. ఒక పిల్లవాడికి ఇది బోర్డు మీద చెరిపి, రాసి, మళ్లీ చెరిపి చూపిస్తే, ఆ తర్వాత వాడు బకెట్ స్పెల్లింగ్ అడగకుండానే రాశాడు.

బుక్, లుక్, కుక్ మాటలు ఇక్కడ ఇబ్బంది పెడతాయి. పలికేది హ్రస్వమే అయినా సికె లేదు. ఆ మాటల్లో డబుల్ ఓ ఉంది, అంటే రెండు అచ్చు అక్షరాలు. ఒకప్పుడు వాటిని దీర్ఘంగానే పలికేవారు. పలుకు పొట్టిదైంది, రాత పాతదే నిలిచింది. అందుకే పిల్లలకు నియమం చెప్పేటప్పుడు ‘పొట్టి అచ్చు’ అని ఆపేయకుండా ‘ఒకే అచ్చు అక్షరం, పొట్టి పలుకు’ అని పూర్తిగా చెప్పాలి.

అపోహ: మ్యూజిక్, పిక్నిక్ చివర్లో కె లేకపోవడం నియమానికి విరుద్ధం.

వాస్తవం: సికె నియమం ముఖ్యంగా ఒకే దెబ్బలో పలికే చిన్న మాటలకు. ‘ఇక్’తో ముగిసే పెద్ద మాటల్లో చివర ఉత్త సి సరిపోతుంది: మ్యూజిక్, ట్రాఫిక్, పబ్లిక్, ప్లాస్టిక్. ఒకప్పుడు వీటిలోనూ కొన్నిటికి కె ఉండేది. 1755లో లండన్‌లో వెలువడిన శామ్యూల్ జాన్సన్ నిఘంటువులో మ్యూజిక్, పబ్లిక్ చివర సికె కనిపిస్తుంది. 1828లో అమెరికాలో నోవా వెబ్‌స్టర్ నిఘంటువు వచ్చేనాటికి ఆ కె లేదు. అయితే అది పూర్తిగా పోలేదు. పిక్నిక్‌కి ఐఎన్‌జి చేర్చి చూడండి: సి పక్కన ఐ పడి ‘పిక్నిసింగ్’ అయ్యే ప్రమాదం ఉంది కాబట్టి మధ్యలో కె తిరిగి వస్తుంది. ప్యానిక్‌కి ఇడి చేర్చినా అంతే. పదో తరగతి పిల్లలు కూడా ఇక్కడ తప్పు రాస్తారు, మొదటి నియమం తెలిసినవాళ్లు రాయరు.

అపోహ: సిహెచ్ అంటే ‘చ’. స్కూల్, స్టమక్ లాంటివి విడ్డూరాలు.

వాస్తవం: అవి గ్రీకు మాటలు, లాటిన్ మీదుగా వచ్చాయి. గ్రీకులోని ఒక అక్షరాన్ని లాటిన్‌వాళ్లు సిహెచ్ అని రాశారు. చదువు, సైన్సు, వైద్యం, సంగీతం, క్రైస్తవం గురించిన మాటల్లో సిహెచ్ కనిపిస్తే ముందు ‘క’ అని అనుమానించండి: కెమిస్ట్రీ, టెక్నాలజీ, మెకానిక్, కోరస్, ఆర్కెస్ట్రా, క్రిస్మస్. సిహెచ్ పక్కన ఎల్ గానీ ఆర్ గానీ ఉంటే ఆలోచించక్కర్లేదు, ‘క’నే: క్లోరిన్, క్రోమియం. నొప్పి అని అర్థం వచ్చే ఏక్, హెడేక్‌లో ఉండేది, గ్రీకు మాట కాదు. క్రియగా వాడేటప్పుడు దాన్ని ఎ-కె-ఇ అనే రాసేవారు. గ్రీకు నుంచి వచ్చిందని జాన్సన్ పొరబడి సిహెచ్‌ను ఖాయం చేశాడు, అదే మనదాకా వచ్చింది.

అపోహ: బాక్స్‌కి ఎక్స్ అయితే సాక్స్‌కీ ఎక్సే.

వాస్తవం: రెండింటి చివరా ‘క్స్’ అనే వినిపిస్తుంది. బాక్స్ ఒకటే వస్తువు, మాట అంతా ఒక్కటే, అందుకే ఎక్స్. సాక్ ఒకటి, సాక్స్ రెండు. బహువచనం ఎస్ తీసేసి చూస్తే మిగిలేది సికె. ట్రక్స్, బుక్స్ కూడా ఇలాగే. దుకాణాల బోర్డుల మీద సాక్స్‌ని ఎక్స్‌తో రాయడం మామూలే కాబట్టి పిల్లలు దాన్నే నిజమనుకుంటారు, వాళ్లను తప్పు పట్టలేం.

అపోహ: నీ (మోకాలు), నైఫ్ (కత్తి), నో (తెలుసు) మాటల ముందున్న కె అనవసరంగా తగిలించింది.

వాస్తవం: పాత ఇంగ్లీషులో దాన్ని పలికేవారు. పలకడం మానేశారు, రాయడం మానలేదు.

అపోహ: చెక్ లాంటి మాటలకు అమెరికా స్పెల్లింగులు తప్పు.

వాస్తవం: బ్యాంకు చెక్‌ను బ్రిటన్‌లో క్యూ-యు-ఇతో, అమెరికాలో సికెతో రాస్తారు. ఎక్కడిది అక్కడ ఒప్పే. మన పరీక్షల్లో బ్రిటిష్ పద్ధతి రాయడం మంచిది, ఒకే పేపర్‌లో రెండూ కలపకుండా ఉంటే చాలు.

అపోహ: తప్పు రాసిన మాటను పదిసార్లు రాయిస్తే వస్తుంది.

వాస్తవం: క్యాట్‌ని కె-ఎ-టి అని రాసిన పాప శబ్దాన్ని సరిగ్గానే విన్నది. మూడు శబ్దాలు విడదీసి మూడు అక్షరాలు పెట్టింది. ఆ పాపకు తెలియనిది ఒక్కటే, పక్కన ఎ ఉంటే సి వస్తుందని. పదిసార్లు రాయించినా ఆ సంగతి తెలియదు, చెయ్యి నొప్పి పుడుతుంది. అసలు శబ్దమే పట్టుకోలేక క్యాట్‌ని టి-ఎ-సి అని రాసే పిల్లలకు వేరే సాయం కావాలి. నోట్‌బుక్‌లో రెండిటికీ ఒకే ఎర్ర ఇంటూ పెట్టి వదిలేస్తున్నాం, అది నన్ను చాలా బాధపెడుతుంది.

నేను చేయించేది ఇది. పేజీని నాలుగు నిలువు గడులుగా గీయించి పైన సి, కె, సికె, సిహెచ్ అని రాయిస్తాను. కొత్త మాట కనబడ్డప్పుడల్లా దాన్ని తగిన గడిలో వేసి, ఎందుకు అక్కడ వేశారో నోటితో చెప్పాలి. కారణం చెప్పగలిగితే ఆ మాటను మళ్లీ రాయక్కర్లేదు. ఏ గడిలోనూ కుదరనివి కొన్ని మిగులుతాయి. సాకర్‌లో డబుల్ సి పక్కన ఇ ఉన్నా ‘క’నే పలుకుతుంది, కంగారూలో ఎ ముందు కె వస్తుంది, బిస్కెట్ స్పెల్లింగ్‌లో సి పక్కన యు, ఐ రెండూ ఉంటాయి. కంగారూ ఆస్ట్రేలియా ఆదివాసుల భాష నుంచి వచ్చింది. బిస్కెట్‌ని ఒకప్పుడు ఇంగ్లీషులో కెతోనే రాసేవారు, తర్వాత ఫ్రెంచి రాతను తెచ్చుకున్నారు. ఇలాంటివాటికి వెనక పేజీ కేటాయించి, వారానికి మూడో నాలుగో చొప్పున నేర్పిస్తాను. బట్టీ పట్టాల్సినవి ఏమైనా ఉంటే అవే.