కొమోడో ఉడుము నోట్లో కుళ్లు లేదు: అపోహలు – వాస్తవాలు

నేను వన్యప్రాణుల డాక్టర్‌ని. జనం కర్రలతో కొట్టి పడేసిన ఉడుములకు కట్లు కట్టడం నా పనిలో ఓ భాగం. ఆ సంగతి తెలియగానే అందరూ అడిగేది ఒకటే: "సార్, ఇండోనేషియా కొమోడో డ్రాగన్ కరిస్తే దాని నోట్లో క్రిములతోనే చచ్చిపోతారట కదా?"

అపోహ: నోరంతా కుళ్లు. కరిచి వదిలేస్తుంది, జంతువు కుళ్లి చచ్చేదాకా వెనకాలే తిరుగుతుంది.

కాలేజీలో నేనూ ఇదే చదివాను. పరీక్షలో రాస్తే మార్కులు కూడా వేశారు.

ఈ కథ గేదెల దగ్గర పుట్టింది. కొమోడో ఉడుములుండే ఇండోనేషియా దీవుల్లోకి గేదెల్ని తెచ్చింది మనుషులే. ఉడుము కాలు చీల్చినా అంత పెద్ద జంతువు చాలాసార్లు విడిపించుకుని పోతుంది. పోయి మన ఊరి గేదె చేసే పనే చేస్తుంది, గుంటలో దిగుతుంది. పేడ కలిసిన ఆ నీళ్లు పచ్చి గాయంలోకి పోతే చీము పట్టదా? తప్పు గుంటది, నింద ఉడుముది.

2013లో జూల్లోని కొమోడోల నోటి నమూనాలు పరీక్షిస్తే, మిగతా మాంసాహార జంతువుల నోట్లో ఉండేలాంటి బ్యాక్టీరియానే కనబడింది. నిజానికి ఇది శుభ్రత ఉన్న జంతువు. తిన్నాక పది పదిహేను నిమిషాలు మూతి నాక్కుంటుంది, తలను ఆకులకేసి రుద్దుకుంటుంది.

మరి ఎలా చంపుతుంది? మనం 'ఉడుంపట్టు' అంటాం గానీ ఆ మాట దీని దవడకు సరిపోదు. మొసలితో పోలిస్తే దవడ బలం చాలా తక్కువ. అసలు బలం మెడది. కరిచి వెనక్కి లాగుతుంది. పళ్ల అంచు కక్కు పెట్టిన కొడవలిలా ఉంటుంది. ఆ అంచుల మీద ఇనుము పూత ఉందని, నారింజ రంగు దాని వల్లేనని 2024లో తేలింది. 2009లో విషజంతువుల శాస్త్రవేత్త బ్రయాన్ ఫ్రై బృందం కింది దవడలో విషగ్రంథులు ఉన్నట్టు చూపింది. ఆ విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు, బీపీ పడగొడుతుంది. జింకో పందో దొరికితే చాలావరకు నెత్తురు పోయి త్వరగానే చస్తుంది. ఇందులో గాయం వాటా ఎంత, విషం వాటా ఎంత అన్న వాదన ఇంకా నడుస్తోంది. నన్నడిగితే ముందు పళ్లు, ఆ తర్వాతే విషం.

అపోహ: డైనోసార్ల కాలం నుంచి మిగిలిపోయిన జీవి.

కాదు. మన చేలగట్ల మీద తిరిగే ఉడుము, ఇది ఒకే ప్రజాతి, వారానస్. డైనోసార్లకు అసలు దగ్గర చుట్టం కోడి. దీవిలో ఉండిపోవడం వల్లే ఇంత పెరిగిందని కూడా అంటారు. కానీ ఆస్ట్రేలియాలో దొరికిన శిలాజాలను బట్టి చూస్తే, అక్కడే పెద్దదై తర్వాత ఈ దీవులకు చేరినట్టుంది.

కొమోడోలుండే రింకా దీవిలో నేను చూసినప్పుడు, రేంజర్ల వంటగది కింద, నీడలో మూడు పడుకుని ఉన్నాయి. వాసనకు వస్తాయట. ఒకటి తల ఎత్తి, చీలిన పసుపు నాలుకను నింపాదిగా బయటికి చాపి లోపలికి లాక్కుంది. నా దగ్గర కట్లు కట్టించుకునే ఉడుము కూడా అచ్చం అలాగే చేస్తుంది. కాకపోతే దీని మూతి నుంచి జొల్లు తీగలా వేలాడుతోంది. రేంజర్ చేతిలో ఉన్నది పంగ ఉన్న పొడవాటి కర్ర ఒక్కటే. అక్కడివాళ్లు దీన్ని 'ఓరా' అంటారు. మనిషి, ఓరా కవలలుగా పుట్టారని వాళ్ల కథ.

అపోహ: మగ తోడు లేకుండా పిల్లల్ని కంటుందన్నది వాట్సాప్ కథ.

కథ కాదు, అలా కనడం నిజమే. ఇంగ్లండ్‌లోని చెస్టర్ జూలో ఫ్లోరా అనే ఆడది మగదాని ముఖం చూడకుండానే 2006లో గుడ్లు పెట్టింది, 2007 జనవరిలో పిల్లలొచ్చాయి. అన్నీ మగవే. వీటిలో జెడ్, డబ్ల్యూ క్రోమోజోములు రెండూ ఉంటే ఆడ, రెండు జెడ్‌లుంటే మగ. తల్లి ఒక్కతే ఉన్నప్పుడు అండంలోని క్రోమోజోమే రెండింతలవుతుంది. రెండు డబ్ల్యూలు వచ్చిన గుడ్డు బతకదు, రెండు జెడ్‌లు వచ్చినది మగపిల్ల.

అపోహ: చిన్న పిల్ల దొరికితే పెంచుకోవచ్చు.

ఈ ఫోన్లు కుర్రాళ్ల నుంచే ఎక్కువ. పెద్దదైతే మూడు మీటర్లు, 70 కిలోలు. అడవిలో దాని పిల్లలే పెద్దవాటికి ఆహారమైపోతామని భయపడి చెట్లెక్కి బతుకుతాయి. 2021లో దీన్ని అంతరించే ముప్పున్న జాబితాలో చేర్చారు, వ్యాపారం నిషిద్ధం. మన ఉడుమైనా సరే, వన్యప్రాణి చట్టంలో షెడ్యూల్ 1 జంతువు. ఇంట్లో పెట్టుకుంటే నాకు కాదు, లాయర్‌కు ఫోన్ చేయాల్సి వస్తుంది.