బొమ్మలు సరే, బిచ్చగాళ్ల మాట ఏమైంది? 1522 నాటి విటెన్‌బర్గ్ గొడవ

క్రైస్తవ మందిరంలో సిలువ బొమ్మ, పటాలు ఉండొచ్చా, ఉంటే అది విగ్రహారాధన కాదా అన్న గొడవ మళ్లీ రాజుకుంది. ఎప్పటిలాగే వాదనలు రెండు. ముందు వాటిని తీసేయండి, మనసు దానంతటదే దారికొస్తుంది అని కొందరు. మనసులో విగ్రహం పెట్టుకుని గోడ మీది పటం తీస్తే ఏం లాభం అని ఇంకొందరు.

బైబిల్లో ఇశ్రాయేలీయులు చేసుకుని పూజించిన బంగారు దూడ సంగతి అందరికీ తెలుసు. చిత్రాలకిచ్చే గౌరవం వేరు, దేవునికి చెందే ఆరాధన వేరు అని 787లో నైసియాలో జరిగిన క్రైస్తవ సంఘ పెద్దల సభ తేల్చిన సంగతీ చాలామంది విన్నదే. కానీ ఈ రెండు వాదనలూ ఇవాళ మనం వింటున్న రూపంలో ఢీకొన్నది జర్మనీలోని విటెన్‌బర్గ్‌లో, 1522లో, మొదటి మూడు నెలల్లో.

అప్పటికి, పోప్‌ను ఎదిరించి చర్చి సంస్కరణ మొదలుపెట్టిన మార్టిన్ లూథర్ వార్ట్‌బర్గ్ కోటలో తలదాచుకుంటున్నాడు. ఊళ్లో సంస్కరణను నడిపిస్తున్నది ఆండ్రియాస్ కార్ల్‌స్టాట్. 1512లో లూథర్‌కు డాక్టర్ పట్టం ఇచ్చిన ఆచార్యుడు ఈయనే. జనవరి 24న నగర సభ ఒక శాసనం చేసింది. చర్చిల్లోంచి బొమ్మలు తీసేయాలి. మతపరమైన నిధులన్నీ ఒక ఉమ్మడి పెట్టెలో వేసి పేదలకు ఇవ్వాలి. ఊళ్లో ఎవరూ అడుక్కునే పరిస్థితి ఉండకూడదు. అది జరిగిన కొద్ది రోజులకే కార్ల్‌స్టాట్ చిన్న పుస్తకం అచ్చు వేయించాడు. బొమ్మల తొలగింపు గురించి రాశాడని అందరూ చెబుతారు. ఆ పుస్తకం పేరులో రెండో సగం కూడా ఉంది: క్రైస్తవుల మధ్య బిచ్చగాళ్లు ఉండకూడదు అని. బైబిల్లో పేదలను ఆదుకోమని చెప్పే ద్వితీయోపదేశకాండం 15వ అధ్యాయాన్ని పట్టుకుని ఆ రెండో భాగం రాశాడు. మన వాదనల్లో ఈ సగం ఎప్పుడూ వినపడదు.

మొదటి సగంలోనూ మనసును తాకే చోటు ఒకటుంది. చదువు రానివాళ్లకు బొమ్మలే పుస్తకాలు అని పోప్ గ్రెగరీ అన్నమాటను కార్ల్‌స్టాట్ ఒప్పుకోడు. వాళ్లకు వాక్యమే ఇవ్వండి అంటాడు. ఆ తర్వాత తన సంగతే చెప్పుకుంటాడు. చిన్నప్పటి నుంచీ బొమ్మలకు దణ్ణం పెట్టే అలవాటులో పెరిగాననీ, వాటి భయం తనలో పాతుకుపోయిందనీ, వదిలించుకోవాలనుకున్నా పోవడం లేదనీ రాశాడు. అందుకే కళ్ల ముందు నుంచి తీసేయమన్నాడు. దీన్ని మొండితనం అనలేం. తన మనసును తాను నమ్మలేని మనిషి మాట ఇది.

కొందరు నగర సభ కోసం ఆగకుండా తామే బొమ్మలు పగలగొట్టారు. ఊరు టెన్షన్‌గా మారింది. మార్చి 6న లూథర్ తిరిగొచ్చాడు. 9వ తేదీ ఆదివారం మొదలుపెట్టి వరసగా ఎనిమిది రోజులు ప్రసంగించాడు. జనం సూర్యుణ్ణీ నక్షత్రాలనూ పూజిస్తారు, అందుకని వాటిని ఆకాశంలోంచి పీకేస్తామా అని అడిగాడు. వాక్యం ముందు హృదయాన్ని పట్టుకోవాలి, బలవంతం పనికిరాదు అన్నాడు. ఊరు చల్లబడింది. కార్ల్‌స్టాట్‌కు ప్రసంగ వేదిక దక్కలేదు. 1524లో ఆయన్ను విటెన్‌బర్గ్ ఉన్న సాక్సొనీ రాజ్యం నుంచే పంపించేశారు.

గెలిచింది లూథర్ కాబట్టి మనకు గుర్తున్నదీ లూథర్ మాటే. మొదటి థెస్సలొనీక 1:9 కూడా ఆయన వైపే మొగ్గుతుందని చెప్పాలి. తెలుగు బైబిల్లో "విగ్రహములను విడిచిపెట్టి" అన్న మాట ముందొచ్చి, దేవునివైపు తిరగడం ఆ తర్వాత వస్తుంది. గ్రీకు మూలంలో వరస వేరు. అక్కడ దేవునివైపు తిరిగారన్నది ముందు, విగ్రహాల నుంచి అన్నది వెనక.

అయితే హృదయం ముందు అన్న మాట ఇవాళ ఏదీ ముట్టుకోకుండా ఉండడానికి సాకు అయిపోతోంది. లూథర్ ఉద్దేశం అది కాదు. విశ్వాసం నేర్పడానికి 1529లో రాసిన పెద్ద ప్రశ్నోత్తరి అనే పుస్తకంలో, వేరే దేవుడు ఉండకూడదనే మొదటి ఆజ్ఞను వివరిస్తూ, నీ హృదయం దేనిమీద ఆనుకుంటుందో అదే నీ దేవుడు అన్నాడు. అన్నిటికన్నా ముందు ఉదాహరణగా చూపించింది డబ్బునే. కొలొస్సయులు 3:5లో పౌలు "విగ్రహారాధనయైన ధనాపేక్ష" అన్నాడు. గోడల మీద ఒక్క పటం కూడా లేని మందిరానికీ ఆ మాట వర్తిస్తుంది.

బొమ్మల విషయంలో లూథర్, కార్ల్‌స్టాట్ మళ్లీ కలవలేదు. పేదల పెట్టె సంగతి వేరు. 1523లో లైస్నిగ్ అనే ఊరు అలాంటి ఉమ్మడి నిధికి నియమాలు రాసుకుంది. వాటికి ముందుమాట రాసింది లూథరే.