అలలు కనిపిస్తే అసలు కత్తి అయిపోదు: మధ్యయుగపు కత్తులపై అపోహలు - వాస్తవాలు

పోయిన నెల ఒక శనివారం పొద్దున్నే మా షెడ్డుకి ఒక తెలుగు అబ్బాయి వచ్చాడు. లీడ్స్‌లో ఎమ్మెస్ చదువుతున్నాడు. చేతిలో తువ్వాలులో చుట్టిన కత్తి. ఈ జులైలో మా గుంపుతో ఇంగ్లండులోని ట్యూక్స్‌బరీ ఊరికి రావాలని ఆశ. 1471లో అక్కడ జరిగిన యుద్ధాన్ని ఏటా మళ్లీ ఆడి చూపిస్తాం. రెండు రోజులు గుడారాల్లోనే ఉండి, ఆ కాలపు బట్టలు కట్టుకుని, ఆ కాలపు తిండి వండుకుంటాం. శిబిరంలో ఎవరి తిండికత్తి వాళ్లే తెచ్చుకోవాలి. అందుకని ముందే ఆన్‌లైన్‌లో ఒకటి కొనేశాడు.

"అన్నా, డమాస్కస్. నూట అరవై పౌండ్లు పడింది. అసలైన మిడీవల్ అని రాశారు" అన్నాడు.

అలుగు (కత్తి రేకు) నిండా నీటి అలల్లాంటి గీతలు. ఆకురాయి తీసుకుని అంచు మీద ఒక్కసారి లాగాను. గట్టిపడ్డ ఉక్కు మీద ఆకురాయి జారిపోవాలి. ఇక్కడ బరబరా పట్టుకుని పొడి రాలింది. అబ్బాయి మొహం చూడలేకపోయాను. వారాంతాల్లో హోటల్లో గిన్నెలు కడిగి కూడబెట్టిన డబ్బు అది.

పదకొండేళ్లుగా ఇంగ్లండులో కత్తులు చేసే పనిలో ఉన్నాను. ఇలా తువ్వాలులో చుట్టుకుని వచ్చినవాళ్లు ఎంతమందో. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: అలుగు మీద అలలుంటే అది డమాస్కస్. డమాస్కస్ అంటే అసలైన మధ్యయుగపు కత్తి, మామూలు ఉక్కు కన్నా గట్టిది.

ఈ ఒక్క మాట మీద జనం పోగొట్టుకుంటున్నంత డబ్బు ఈ హాబీలో ఇంకెక్కడా పోగొట్టుకోవడం లేదు. ఒకే పేరు కింద మూడు వేర్వేరు వస్తువులు అమ్ముడవుతున్నాయి.

మొదటిది మనది. మూసలో, అంటే మూతపెట్టిన మట్టి పాత్రలో కరిగించి తీసిన ఉక్కు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం దీనికి పేరుపడ్డ ఊరు. గోల్కొండ రాజ్యం నుంచి వచ్చే ఉక్కుకే పర్షియాలో ఆ అలల పని కుదురుతుందని 17వ శతాబ్దంలో ఫ్రెంచి వ్యాపారి టావెర్నియే రాశాడు. 1820ల్లో వాయిసీ అనే ఇంగ్లీషు వైద్యుడు కోనసముద్రంలో ఈ పని కళ్లారా చూసి రాసుకున్నాడు. అప్పటికీ ఉక్కు కొనడానికి పర్షియాలోని ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వ్యాపారి అక్కడ ఉన్నాడు. 1795లో లండన్ రాయల్ సొసైటీ (శాస్త్రవేత్తల సంఘం) పత్రంలోకి 'వూట్జ్' పేరుతో ఎక్కింది ఈ ఉక్కే. ఆ పేరుకి మూలం కన్నడ, తెలుగుల్లోని 'ఉక్కు' అన్న మాటేనని ఎక్కువమంది చెబుతారు. ఈ ఉక్కులో అలలు ఎవరో మడతలు పెడితే వచ్చినవి కావు. కార్బన్ ఎక్కువున్న ముద్ద మూసలో నెమ్మదిగా చల్లారి, తర్వాత తక్కువ వేడిలో మళ్లీ మళ్లీ సాగగొట్టినప్పుడు లోపలి గట్టి రేణువులు వరసలు కడతాయి. ఆ వరసలే అలలు. నేను మూసలు పేర్చి ఆరుసార్లు ప్రయత్నించాను. రెండుసార్లే సాగగొట్టడానికి పనికొచ్చే ముద్ద వచ్చింది. అందుకే నూట అరవై పౌండ్లకి ఇది ఎవరూ ఇవ్వలేరు.

రెండోది యూరప్‌ది. రకరకాల ఇనుప కడ్డీలకి తాడులా పురి పెట్టి, పక్కపక్కన పేర్చి, కొలిమిలో అతికించేవాళ్లు. 1939లో ఇంగ్లండులోని సటన్ హూ తవ్వకాల్లో దొరికిన ఏడో శతాబ్దపు యుద్ధపు కత్తి ఇలాంటిదే. అందులో కూడా పురి పెట్టిన భాగం నడుముకే. అంచుకి వేరే ఉక్కు అతికారు. అంటే ఆ రోజుల కమ్మరికి కూడా తెలుసు, అందం అలల్లో ఉంటుంది, పదును అంచులో ఉంటుందని. పదకొండో శతాబ్దం వచ్చేసరికి ఈ పద్ధతి దాదాపు పోయింది. ట్యూక్స్‌బరీ యుద్ధానికి నాలుగు వందల ఏళ్ల ముందు మాట ఇది!

మూడోది ఇప్పుడు బజార్లో దొరికేది. రెండు రకాల ఉక్కు రేకుల్ని పొరలుగా అతికి, యాసిడ్‌లో ముంచితే గీతలు తేలతాయి. మంచి చేతిలో పడితే మంచి కత్తే అవుతుంది, కాదనను. నేనూ చేస్తాను. కానీ అదే రకం ఉక్కుతో సాదాగా చేసిన కత్తి కన్నా గట్టిగా ఏమీ ఉండదు. ఇక చవకవాటిలో కొన్ని పొరలు కూడా కావు. మామూలు రేకు మీద గీతలు అచ్చు వేసి అమ్ముతారు. అనుమానం ఉంటే ఒక మూల సన్నటి గరుకు కాగితంతో రుద్ది గీతలు చెరిపి, ఫెరిక్ క్లోరైడ్ అనే ఉక్కుని తినే ద్రావణం పూయండి. నిజమైన పొరలైతే గీతలు మళ్లీ తేలతాయి. ఆ అబ్బాయి కత్తికి తేలలేదు.

మరి 1471లో ఇంగ్లండులో మామూలు మనిషి నడుముకి ఏ కత్తి ఉండేది? లండన్‌లో థేమ్స్ ఒడ్డు తవ్వకాల్లో 12 నుంచి 15వ శతాబ్దం దాకా వాడిన కత్తులు బోలెడు దొరికాయి. ఎక్కువ భాగం సాదా కత్తులే. ఇనుప ఒళ్లు, అంచుకి అతికిన ఉక్కు. పాతవాటిలో అలుగు తోకని సన్నగా చేసి చెక్క పిడిలోకి దించేవాళ్లు. 14వ శతాబ్దం నుంచి వెడల్పాటి తోకకి రెండు పక్కలా చెక్కో ఎముకో పెట్టి మేకులు బిగించడం పెరిగింది. లండన్ కత్తుల పనివాళ్ల సంఘానికి 1416లో రాజు ఇచ్చిన అధికారపత్రం వచ్చింది. అంత పెద్ద వృత్తి అది. అలల కత్తి పట్టుకుని మా శిబిరానికొస్తే వస్తువులు తనిఖీ చేసేవాళ్లు మర్యాదగానే చెబుతారు, సంచిలో పెట్టేసుకోమని. నూట అరవై పౌండ్లు పెట్టినవాడికి అప్పుడు ఎలా ఉంటుంది?

కత్తి గొప్పతనం గీతల్లో లేదు, పాయనంలో, అంటే ఉక్కుని కాచి చల్లార్చి గట్టిపరచడంలో ఉంది. ఇది వందసార్లయినా చెబుతాను. ఉక్కుని సుమారు 800 డిగ్రీలకి కాచి నూనెలో ముంచితే గాజులా పెళుసుగా అవుతుంది. కింద పడితే విరుగుతుంది. దాన్ని మళ్లీ 200 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచితే ఎండుగడ్డి రంగు వస్తుంది. అప్పుడు గట్టితనమూ ఉంటుంది, ఓర్పూ ఉంటుంది. ఇందులో ఏది తప్పినా ఎన్ని అలలున్నా అది తగరపు రేకే.

మా తాత కమ్మరి. లారీ కమాను పట్టీలతో కొడవళ్లు చేసేవాడు. కొలిమి పాకలో పట్టపగలు కూడా చీకటిగా ఉంచేవాడు. మేం పిల్లలం తడిక పక్కకి లాగితే కసిరేవాడు. ఎందుకో నాకు ముప్పై ఏళ్లు దాటాక, ఇక్కడ సొంత కొలిమి పెట్టుకున్నాక అర్థమైంది. వెలుతురులో ఉక్కు రంగు కనపడదు. ఎర్రన ఎక్కడ నారింజకి తిరుగుతుందో చీకట్లోనే తెలుస్తుంది. థర్మామీటరు లేని మనిషికి ఆ చీకటే కొలత. ఆయన చేసిన కొడవలి ఒకటి ఇప్పటికీ నా దగ్గరుంది. దాని మీద ఒక్క గీత లేదు.

కత్తి కొనేముందు అమ్మేవాణ్ని మూడు అడగండి: ఏ ఉక్కు, పాయనం ఎవరు పెట్టారు, గట్టితనం ఎంత. రాక్‌వెల్ కొలతలో 56 నుంచి 60 మధ్య చెబితే తిండికత్తికి సరిపోతుంది. "హై క్వాలిటీ స్టీల్" అని ఊరుకుంటే మీరూ ఊరుకోండి.

అపోహ: కత్తి నల్లబడింది, పాడైపోయింది.

వారానికొకరు కంగారుగా ఫోటో పంపుతారు. పాపం, నిజంగానే టెన్షన్ పడతారు. కార్బన్ ఉక్కుతో ఉల్లిపాయో నిమ్మకాయో కోస్తే బూడిద రంగు, నీలి రంగు మచ్చలు వస్తాయి. అది మంచిదే, తుప్పుని కొంత ఆపుతుంది. ఎర్రగా పొడిలా రాలితేనే తుప్పు. నూనె, సన్నటి గరుకు కాగితం చాలు. దయచేసి కరెంటు గ్రైండరు దగ్గరికి మాత్రం తీసుకెళ్లకండి. అంచు నీలంగా మారిందంటే అక్కడ పాయనం పోయినట్టే. తడి సానరాయి మీద చేత్తో పట్టండి. డిష్‌వాషర్‌లో వేయకండి, చెక్క పిడి పగిలిపోతుంది.

అపోహ: రక్తంలోనో మూత్రంలోనో ముంచితే కత్తికి బలం.

ఇది ఇంకా అడుగుతున్నారు! నీళ్లు, ఉప్పునీళ్లు, నూనె. ఉక్కుని బట్టి వీటిలో ఒకటి. మిగతాదంతా కట్టుకథ.

అపోహ: బరువుంటేనే బలం.

తిండికత్తి బరువుంటే మణికట్టు నొస్తుంది. అంతే.

అపోహ: బ్రిటన్‌లో కత్తి చేసినా, ఉంచుకున్నా పోలీసులు పట్టుకెళతారు.

దీని గురించి ఒకసారి కరీంనగర్ నుంచి ఒక తల్లి ఫోన్ చేసింది. "బాబూ, మావాడు చదువు మానేసి కత్తులు కొడుతున్నాడట, జైల్లో పెడతారా?" అని ఏడుపు గొంతుతో అడిగింది. ఆమెకి చెప్పిందే ఇక్కడా చెబుతున్నాను. ఇంట్లో తిండికత్తి చేసుకోవడం నేరం కాదు. ఇంగ్లండు, వేల్స్‌లలో పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకి అమ్మడం నేరం. సరైన కారణం లేకుండా బహిరంగ స్థలంలో దగ్గర పెట్టుకోవడం నేరం, అక్కడి 1988 క్రిమినల్ జస్టిస్ చట్టం ప్రకారం. తెరిచాక లాక్ పడని, మడిచే చిన్న కత్తికి, అంచు మూడంగుళాలు దాటకపోతే, మినహాయింపు ఉంది. మన తిండికత్తులు మడిచేవి కావు కాబట్టి ఎంత చిన్నవైనా అది వర్తించదు. ఉత్సవానికి వెళ్లడం కారణమే, కానీ అది చూపించాల్సిన బాధ్యత మీది. ఒరలో పెట్టి, గుడ్డలో చుట్టి, సంచి అడుగున తాడు కట్టి పెట్టండి. ఉత్సవం పాసు పైన ఉంచుకోండి. తిరిగొచ్చేటప్పుడు కత్తి నడుముకే ఉంచుకుని పెట్రోలు బంకులో టీకి దిగకండి. యుద్ధం ఆడి చూపించే మైదానంలోకి తిండికత్తి తేవడం మా గుంపులో అసలు ఒప్పుకోం. అక్కడ వాడే ఆయుధాలన్నీ అంచు మొద్దుగా, మొన గుండ్రంగా చేసినవే.

అంతా విన్నాక ఆ తల్లి "అయితే పరీక్షలు రాస్తున్నాడా లేదా, అది కనుక్కో నాయనా" అంది. కనుక్కున్నాను, రాస్తున్నాడు.